ఎండకు చచ్చాయా, మందుకు చచ్చాయా?

నాలుగేళ్ళ కిందట మే చివర్లో ఉదయగిరి పక్కన బంధువుల ఊరికి పోయాను. తెల్లారి లేచేసరికి వాగు మడుగులో చేపలు తేలాయని ఊరంతా అటే పోతోంది. నేనూ పోయాను. ముందురోజు సాయంత్రం గాలివాన ఒకటి కొట్టి పోయింది. పరిగెలు, జెల్లలు తెల్లటి పొట్టలు పైకి పెట్టి ఒడ్డుకు కొట్టుకొచ్చాయి. గట్టు మీద అప్పటికే రెండు పార్టీలు. ఎండకు చచ్చాయని ఒక పార్టీ. ఎవడో మందు కలిపాడని ఇంకో పార్టీ, ఆ కలిపింది ఎవరో కూడా వాళ్ళు తేల్చేశారు. మధ్యాహ్నం ఒక ఉద్యోగి వచ్చి, ఫోన్‌లో రెండు ఫోటోలు తీసుకుని, ఎండ తీవ్రత వల్ల అని రాసుకుని వెళ్ళిపోయాడు. నీళ్ళలో వేలు కూడా పెట్టలేదు.

ఆయన్ను తప్పుపట్టి లాభం లేదు. మధ్యాహ్నం పన్నెండింటికి వేలు పెట్టినా, మీటరు పెట్టినా తెలిసేది తక్కువ. చేపలు పోయింది తెల్లవారుజామున. ఆ వేళకు నీళ్ళు ఎలా ఉన్నాయో చెప్పే లెక్క ఎక్కడా లేదు. లెక్క లేని చోట గొంతు పెద్దదైనవాడి మాటే కారణం అవుతుంది.

అసలు ఆ రాత్రి ఏం జరిగి ఉండాలో చూద్దాం. నీళ్ళు వేడెక్కే కొద్దీ వాటిలో కరిగే ఆక్సిజన్ తగ్గుతుంది. 20 డిగ్రీల దగ్గర లీటరు నీళ్ళు సుమారు 9 మిల్లీగ్రాముల ఆక్సిజన్‌ను పట్టుకోగలవు. 30 డిగ్రీలకు అది ఏడున్నరకు, 35 డిగ్రీలకు ఏడు కంటే కాస్త తక్కువకు దిగుతుంది. ఇదేమంత పెద్ద తేడా అనిపించవచ్చు. కానీ చేపకు మనలా ఒంటికి సొంత వేడి లేదు, నీళ్ళ వేడే దాని ఒంటి వేడి. నీళ్ళు పది డిగ్రీలు వేడెక్కితే దాని ఒంట్లో పని దాదాపు రెట్టింపవుతుంది, ఆక్సిజన్ అవసరమూ ఆ మేరకు పెరుగుతుంది. దొరికేది తగ్గుతుంటే కావలసింది పెరుగుతూ పోతుంది. పగలు నాచు ఆక్సిజన్‌ను వదులుతుంది కాబట్టి ఎలాగో నెట్టుకొస్తాయి. రాత్రి ఆ నాచు కూడా ఆక్సిజన్ పీల్చుకునేదే. అందుకే సూర్యోదయానికి ముందు గంట చేపకు గండం.

ఇక ఆ వాన. ఎండాకాలపు మడుగులో పైనీళ్ళు కాగి ఉంటాయి, అడుగు నీళ్ళు కాస్త చల్లగా ఉన్నా ప్రాణవాయువు లేక కుళ్ళి ఉంటాయి. గాలివాన రెంటినీ కలిపేస్తుంది. పైగా గట్టు మీది ఆకులు, పేడ, బురద తొలి జల్లుతో మడుగులోకి దిగుతాయి. అవి కుళ్ళడానికి మిగిలిన ఆక్సిజన్ కాస్తా ఖర్చవుతుంది. మండిపోయిన రోజున బతికిన చేప చల్లబడిన రాత్రి చావడం ఇందుకే. ఊరికి ఇది వింతగా కనిపిస్తుంది. వాన పడి చల్లబడితే చేప ఎందుకు చస్తుంది, మందే కలిపి ఉంటారు అనుకుంటారు. అలా అనుకోవడం పూర్తిగా తప్పూ కాదు. బ్లీచింగ్ పౌడర్‌తో, పురుగుమందుతో వాగుల్లో చేపలు పట్టేవాళ్ళు నిజంగానే ఉన్నారు.

ఈ రెంటినీ విడదీయడానికి ఒక చిన్న గుర్తు ఉంది. కొర్రమీను, మట్టగిడస నీళ్ళపైకి వచ్చి గాలి పీల్చుకోగలవు. పరిగెకు ఆ వీలు లేదు. పరిగెలు పోయి మట్టగిడసలు మిగిలితే ఆక్సిజన్ మీద అనుమానం పెంచుకోవచ్చు. అవీ ఇవీ కలిసి తేలితే మందు వైపు చూడాలి. పక్కా రుజువు కాదుగానీ దారి చూపుతుంది. ఆ రోజు మడుగులో మట్టగిడసలు చచ్చాయా లేదా అని చూడాలని నాకూ తట్టలేదు. నేనూ ఫోటోలే తీసుకున్నాను.

ఇదంతా నెల్లూరు జిల్లాలో రాయాల్సి రావడమే నాకు విడ్డూరం. ఇందుకూరుపేట, విడవలూరు, ముత్తుకూరు వైపు రొయ్యల గుంటల దగ్గరికి వెళ్ళి చూడండి. పదో తరగతి దాటని కుర్రాడు కూడా తెల్లవారుజామున నాలుగింటికి లేచి డీవో, అంటే నీళ్ళలో కరిగిన ఆక్సిజన్, ఎంతుందో చూస్తాడు. పీహెచ్, ఉప్పదనం, నీళ్ళ వేడి నోట్‌బుక్‌లో రాసుకుంటాడు. డీవో నాలుగు కంటే కిందికి పోయిందంటే నీళ్ళలో గాలి కలిపే ఏరియేటర్ల దగ్గరికి పరుగు. చలి పెరిగితే రొయ్యలకు వచ్చే వైట్ స్పాట్ జబ్బు టెన్షన్. నీళ్ళ వేడిని బట్టి మేత తగ్గించడం, పెంచడం వాళ్ళకు నోటి లెక్క. జిల్లాకు తూర్పున ఇంత తెలివి ఉంది. ఎనభై కిలోమీటర్లు పడమరగా, ఉదయగిరి వైపు వాగులు పుట్టే వెలికొండల కింద మాత్రం ఒక్క థర్మామీటర్ నాకు కనపడలేదు. గుంటలో ఉన్నది లక్షల రూపాయల సరుకు, వాగులో ఉన్నది ఎవరిదీ కాని చేప. తేడా అంతే.

ఎవరిదీ కానిది అన్నానుగానీ, అది యానాది గిరిజనుల కూర. బొగ్గేరు, బీరాపేరు వెంబడి, చెరువుల అలుగుల దగ్గర, కాలువల్లో చేప పట్టి బతికే కుటుంబాలు ఈ జిల్లాల్లో ఇప్పటికీ ఉన్నాయి. ఆ రెండు వాగులూ చివరికి పెన్నలోనే కలుస్తాయి. వానలకు పెన్న నిండినప్పుడు పైకి ఎదురెక్కి గుడ్లు పెట్టే చేపకు ఈ వాగులే దారి.

నీళ్ళ వేడిని గంట గంటకూ రాసిపెట్టే పని లోకంలో కొత్తేమీ కాదు. అమెరికా పడమటి కొండల్లో సాల్మన్ చేప కోసం అదొక పెద్ద వ్యవస్థ అయింది. అక్కడి అటవీ శాఖ ఒకచోట చేర్చిన వాగు నీళ్ళ వేడి లెక్కలు 20 వేలకు పైగా చోట్ల నుంచి వచ్చినవి. సాల్మన్ పిల్లలు పెరిగే వాగుల్లో ఏడు రోజుల గరిష్ఠాల సగటు 18 డిగ్రీలు దాటకూడదని ఆరెగాన్ రాష్ట్రంలో నిబంధన ఉంది, కొన్ని వాగులకైతే 16 డిగ్రీలే. ఇంత చేసినా 2002 సెప్టెంబరులో క్లామత్ నదిలో 30 వేలకు పైగా సాల్మన్‌లు చచ్చాయి. నీళ్ళు తగ్గి, వేడెక్కి, చేపలన్నీ ఒకేచోట ఇరుక్కుపోయాయి. మొప్పలకు పట్టే ఒక పరాన్నజీవి, ఒక బాక్టీరియా ఊడ్చేశాయి. అక్కడా పెద్ద గొడవే జరిగింది, నీళ్ళు పొలాలకా చేపలకా అని. కాకపోతే వాళ్ళు అంకెలు ముందు పెట్టుకుని పోట్లాడారు.

ఆ 18 డిగ్రీలను తెచ్చి మన వాగుకు తగిలిస్తే నవ్వులపాలవుతాం. రోహు, కట్ల హాయిగా పెరిగేదే 25 నుంచి 32 డిగ్రీల మధ్య. మన దగ్గర నీళ్ళు 18, 20కి దిగాయంటే అది వేరే ప్రమాదం. కొర్రమీను ఒంటి మీద ఎర్రటి పుండ్లు పడి కండ దాకా తినేసే జబ్బు 1988లో ఈశాన్య రాష్ట్రాల్లో మొదలై, కొద్ది ఏళ్ళలోనే ఆంధ్ర చెరువులకూ పాకింది. బూజులాంటి ఒక సూక్ష్మజీవి దానికి కారణం. ఎక్కువగా విరుచుకుపడేది వానల తర్వాత నీళ్ళు 18–22 డిగ్రీల మధ్యకు చల్లబడినప్పుడే. ఆ చలికి చేప ఒంట్లో రోగాన్ని ఎదిరించే శక్తి మందగిస్తుంది. కాబట్టి మన వాగుకు థర్మామీటర్ మేలోనే కాదు, డిసెంబరులోనూ కావాలి.

మన వాగులకు ఇంకో తేడా ఉంది, నా లెక్కలో అసలు తేడా అదే. అక్కడివి ఏడాదంతా పారే మంచునీళ్ళు. వెలికొండల వాగులు అక్టోబరు, నవంబరు వానలకు పొంగి, సంక్రాంతి దాటాక సన్నబడి, మార్చి నాటికి తెగిపోయి మడుగులుగా మిగులుతాయి. భైరవకోన జలపాతాన్ని కార్తీకంలో చూసినవాళ్ళు ఏప్రిల్‌లో మళ్ళీ పోతే ఈ మాట బాగా అర్థమవుతుంది. వచ్చే ఏటి చేప అంతా ఈ మడుగుల్లోనే తలదాచుకుంటుంది. ఏ మడుగు బతికిస్తుంది, ఏది చంపుతుంది అన్నది కింది నుంచి ఊట ఉందా లేదా అన్నదాన్ని బట్టి ఉంటుంది. భూమిలోని నీళ్ళ వేడి ఆ ప్రాంతపు ఏడాది సగటు గాలి వేడికి దగ్గరగా ఉంటుంది. మన దగ్గర అది 28, 29 డిగ్రీల దరిదాపు. సాల్మన్‌కు అవి చావు నీళ్ళు. బయట 44, 45 మండే రోహిణి కార్తెలో మన పరిగెకు మాత్రం అవే చలివేంద్రం. మడుగులో నడుం లోతుకు దిగినప్పుడు మోకాళ్ళ దగ్గర ఒక్కసారిగా చల్లగా తగులుతుంది చూశారా, ఆ చోటే. చుట్టూ బోర్లు లోతుకు పోయే కొద్దీ ఊట ఆగిపోతుంది. ఊట ఆగిన మడుగు పొయ్యి మీద గిన్నె. గట్టు మీద చెట్లు కొట్టేస్తే మంట ఇంకొంచెం పెంచినట్టు. భూగర్భ జలాల మాట వస్తే కనిగిరి ఫ్లోరైడ్ దగ్గర మొదలై అక్కడే ఆగిపోతున్నాం. బోరుకూ ఈ మడుగులో చేపకూ ఉన్న లంకె ఎవరూ ఎత్తడం లేదు.

పని పెద్దదేమీ కాదు. నీళ్ళ వేడిని తనంతట తానే కొలిచి దాచుకునే బొటనవేలంత పరికరాన్ని, లాగర్‌ను, చిల్లులు పెట్టిన పీవీసీ గొట్టంలో ఎండ తగలకుండా దాచి, కదలని బండకు కట్టి, గంటకోసారి వేడి రాసుకునేలా పెడితే నెలల తరబడి అదే చూసుకుంటుంది. దించేముందు ఐసు ముక్కలు కలిపిన నీళ్ళలో ముంచి సున్నా చూపిస్తోందో లేదో సరిచూసుకోవాలి. మన వాగుల్లో దీనికి ఇంకో ఉపయోగం కూడా ఉంది. నీళ్ళు ఇంకిపోయి లాగర్ గాలిలో తేలిందంటే పగటికీ రాత్రికీ తేడా ఒక్కసారిగా పెరిగిపోతుంది. ఆ గీత చూస్తే మడుగు ఏ రోజున ఎండిందో తెలిసిపోతుంది. దొంగల మాటంటారా, పోతాయి. సోలార్ పలకలే ఎత్తుకుపోయే చోట ఇదొక లెక్కా. నాలుగు పెట్టి రెండు మిగులుతాయనుకోవాలి.

చేపలను చూడటం దీనికంటే కష్టం. చచ్చి తేలినవాటితో లాభం లేదు. మన వేడికి కొన్ని గంటల్లోనే మొప్పలు పాడై ల్యాబ్‌కు పనికిరావు. ప్రాణంతో ఉండి తూలుతున్న చేపను పట్టుకోవాలి. జబ్బు లేనప్పుడే కొన్నిటిని చూసి పెట్టుకోవాలి కూడా, మొప్పల రంగు, పుండ్లు, పేలు, పొడవుకు తగ్గ బరువు. వందలో ఐదింటికి జబ్బుంటే దాన్ని 95 శాతం నమ్మకంతో పట్టుకోవడానికి సుమారు 60 చేపలు చూడాలి. చిన్న మడుగులో 60 చేపలు చంపితే చూడటానికి మిగిలేవేమీ ఉండవు కాబట్టి, చూసి వదిలేసే పద్ధతే మేలు. ముత్తుకూరులో మత్స్య కళాశాల ఉంది. పిల్లలు ప్రాజెక్టుల కోసం తిరుగుతూనే ఉంటారు. గుంటల మీద ఎన్ని ప్రాజెక్టులు చేస్తారో అందులో పదో వంతు ఈ వాగుల మీద చేసినా చాలు. పెంచలకోన వైపు అభయారణ్యం కాబట్టి అటవీ శాఖ అనుమతి కావాలి. అడిగితే ఇవ్వరని ముందే అనుకోవడం నాకు నచ్చదు.

లాగర్ ఎక్కడ దించాలో చెప్పడానికి మాత్రం మ్యాపులు చాలవు. ఏప్రిల్‌లో ఏ మడుగు ఎండదో, ఏ బండ కింద కాలికి చల్లగా తగులుతుందో గొర్రెలు కాసేవాళ్ళకు, గాలాలు వేసే యానాదులకు తెలుసు. వాళ్ళను వెంటబెట్టుకుని సంక్రాంతి లోపలే పోవాలి. ఆ తర్వాత నీళ్ళు దిగిపోతే, దించిన లాగర్లలో సగం ఇసుకలో తేలతాయి.