పన్నెండయిందా?

ఈ ఏడాది, అంటే 2026లో, శ్రమకాలం (ఈస్టర్‌కు ముందు క్రైస్తవులు ఉపవాసముండే నలభై రోజులు) ఫిబ్రవరి 18న, బూడిద బుధవారంతో మొదలైంది. ఆ సంగతి క్యాలెండర్ చూసి తెలుసుకోవాల్సిన ఖర్మ మాకు లేదు. మా కడప వీధికంతా కలిపి ఒక చర్చి సంఘపెద్ద ఉన్నారు, ఆయనకొక వాట్సాప్ స్టేటస్ ఉంది. "1వ రోజు. ఈస్టర్ దాకా మాంసం ముట్టను. నా కోసం ప్రార్థించండి." కింద ఆయన ఫొటో. చియ్యలు మానిన తొలి పూటకే మొహం అంత వాడిపోతుందని నాకు తెలీదు.

ఉపవాసమున్నప్పుడు మొహం వేలాడేసుకోకండి, తలకు నూనె రాసుకోండి, మొహం కడుక్కోండి, మనుషులకు తెలియనివ్వకండి అని ఏసు చెప్పిన మాట బైబిల్లో మత్తయి ఆరో అధ్యాయంలో ఉంది. బూడిద బుధవారం చాలా చర్చిల్లో చదివేది ఆ భాగమే. పెద్దాయన ముందు వరసలోనే ఉన్నారు. బహుశా ఆ సమయానికి ఫొటో సరిగ్గా వచ్చిందా లేదా అని చూసుకుంటూ ఉండాలి.

అదే వారంలో రంజాన్ కూడా వచ్చింది. మా వీధి చివర టైలరు భాయ్ పొద్దంతా మంచినీళ్ళు కూడా తాగకుండా మిషను తొక్కుతున్నాడు. పాపం, ఆయనకు స్టేటస్ పెట్టడం రాదనుకుంటా.

ఇక శనివారం రాత్రి. బూడిద బుధవారం నుంచి ఈస్టర్ ముందు రోజు దాకా లెక్కేస్తే 46 రోజులు. అందులో ఆరు ఆదివారాలు. అవి పునరుత్థాన దినాలు (ఏసు తిరిగి లేచింది ఆదివారమే) కాబట్టి నలభైలో కలపరు. ఇది సంఘం పెట్టుకున్న పాత లెక్కే, తప్పు పట్టను. కానీ ఆదివారం ఎప్పుడు మొదలవుతుంది? శనివారం రాత్రి పన్నెండుకు! ఈ దైవరహస్యం పెద్దాయనకు మొదటి వారమే బయలుపడింది. పదకొండున్నరకు వాళ్ళింట్లో కుక్కర్ విజిల్. పదకొండు నలభైకి వీధిలో కుక్కలు లేచి కూర్చుంటాయి. పదకొండు యాభైకి బిర్యానీ ప్లేటు ముందు పెట్టుకుని, కళ్ళు మూసుకుని ఆయన శోధనను జయిస్తుంటారు.
"పన్నెండయిందా?"
"ఇంకా ఆరు నిమిషాలుంది."
"గోడ గడియారం స్లో కదా, ఫోన్లో చూడు."
"ఫోన్లోనే చూసినా."
"అయితే పెరుగు పచ్చడి ముందు తింటా. అది మాంసం కాదు కదా."

అరణ్యంలో నలభై రోజులు పస్తున్న ప్రభువు దగ్గర రాళ్ళను రొట్టెలు చేసుకోమని ప్రలోభపెట్టడానికి సాతాను అంత దూరం నడిచి వెళ్ళాడు. కడపలో వాడికి ఆ శ్రమ కూడా మిగల్చలేదు. ఇక్కడ శోధన వండేది కూడా పెద్దాయన భార్యే. ఆమె కూడా ఉపవాసంలోనే ఉంది. ఆమెకు స్టేటస్ లేదు.

ఆదివారం రాత్రి పదకొండు యాభై ఐదుకు చివరి ముక్క. సోమవారం పొద్దున ఆ డేగిసాలు తోమడానికి అవ్వ వస్తుంది. నడుం వంగిపోయిన మనిషి. జనవరి జీతం అందలేదు, ఫిబ్రవరిదీ అందలేదు. నెలకు మూడు వేలు. అడిగితే ఆయనేమన్నారో అవ్వే చెప్పింది: "శ్రమకాలంలో డబ్బు మాటలేంది అవ్వా? ఈస్టర్ పోనీ."

ఈస్టర్ ఏప్రిల్ 5న. అప్పటిదాకా అవ్వ ఏం తినాలి సార్? మీరు ఇష్టపడి మానేస్తే ఉపవాసం, మీరు జీతం ఎగ్గొట్టి ఆమెను మాడిస్తే అదేంటి? ఉపవాసం ఉంటూనే మీ పనివాళ్ళను పీడిస్తున్నారని బైబిల్లోని యెషయా 58లో దేవుడు మండిపడ్డాడు. ఆ అధ్యాయాన్ని ఎన్ని శ్రమకాలం కూడికల్లో గొంతెత్తి చదివారు మీరు! సిగ్గేయలేదా? మటన్ కొన్న డబ్బు ఆమెదయ్యా!

ఈ శనివారం రాత్రి పన్నెండుకు వాళ్ళ గేటు దగ్గర నేనూ ఉంటాను. జేబులో అవ్వ లెక్క రాసిన చీటీ ఉంటుంది: రెండు నెలలు, ఆరు వేలు. అవ్వ ఆదివారాలు పనికి రాదు కదా, అవి తీసేసి లెక్కేద్దాం అంటారేమో చూడాలి.