కృతజ్ఞత లేని చేపలు

కాలిఫోర్నియా సాల్మన్‌ల మీద క్రమశిక్షణ చర్యలకు ఇక ఆలస్యం పనికిరాదు. ఇవి పుట్టిన నది నుంచి సముద్రానికి పోయి, పెద్దయ్యాక గుడ్లు పెట్టడానికి ఆ నదికే తిరిగి రావాల్సిన చేపలు. శాక్రమెంటో నదిలో కలిసే బ్యాటిల్ క్రీక్ ఒడ్డున ఉన్న కోల్‌మన్ హేచరీ, అంటే చేపపిల్లల్ని పొదిగించే కేంద్రం, ఏటా దాదాపు కోటీ ఇరవై లక్షల చినూక్ రకం సాల్మన్ పిల్లల్ని పెంచుతుంది. 2014 కరువులో శాక్రమెంటో నది చిక్కిపోయి వేడెక్కితే, వాటిలో చాలా భాగాన్ని ట్యాంకర్లలో ఎక్కించి కింద డెల్టా వైపు దింపారు. టికెట్ అడగలేదు. మరి 2017లో ఇవి పెద్దవై ఎక్కడికి పోయాయి? దొరికిన నదిలోకల్లా దూరాయి. కోల్‌మన్‌లో గుడ్లకు కరువొచ్చింది.

చేపల తరఫు వకీళ్లకు ఓ వాదన ఉంది. ఉప్పునీటికి ఒళ్లు సిద్ధమయ్యే దశలో పిల్లకు థైరాయిడ్ హార్మోన్ పెరుగుతుందట. అప్పుడు ఈదుతూ దాటిన ప్రతి మలుపు నీటి వాసనా దానికి గుర్తుండిపోతుందట. లారీలో దారి పొడవునా ఒకే నీళ్లు కనక మధ్యలో గుర్తులే లేవట. కిటికీలోంచి చూసుకోవచ్చుగా! ట్యాంకర్‌కు కిటికీ ఉండదనడం కేవలం సాంకేతిక అభ్యంతరం.

పైగా నాలుగింట ఒక వంతు పిల్లల మూతిలో 1.1 మిల్లీమీటర్ల తీగముక్క గుచ్చి, గుర్తుగా వీపు వెనకాల కొవ్వు రెక్క కత్తిరిస్తారు. ఏ హేచరీయో, ఏ గుంపో చెప్పే కోడ్ ఆ తీగ మీదే ఉంది. చిరునామా ముక్కులో పెట్టుకుని దారి తప్పడమేమిటి? దాన్ని చదవాలంటే చేప చచ్చాక మూతి కోసి మైక్రోస్కోపు కింద పెట్టాలి, నిజమే. ఆమాత్రం శ్రమ పడలేవా?

లారీవాళ్లదీ పూర్తిగా తప్పు కాదు. కరువేడాది వేడినీటి నదిలో వదిలితే సముద్రం చూసేవి కొద్ది. లారీ ఎక్కితే ఎక్కువ బతుకుతాయి, తీరంలో వలలు నిండుతాయి. కానీ పరాయి నదుల్లో చేరినవి అక్కడి చేపలతో కలిసి, ఒక్కో నదికి తరతరాలుగా కుదిరిన తేడాలను చెరిపేస్తాయి.

దింపడంలోనూ తతంగం తక్కువేమీ కాదు. ముందు మేత మానిపించాలి, లేకపోతే దారిలో ట్యాంకు నీరు మురికైపోతుంది. ఆక్సిజన్ తగ్గకూడదు. ట్యాంకు నీటికీ దింపే నీటికీ వేడిలో తేడా ఎక్కువైతే పిల్లలు తిమ్మిరెక్కి తేలతాయి. అందుకే కొన్ని గంటలు వల పంజరంలో కుదుటపడనిచ్చి, లోతు నీటికి లాక్కెళ్లి, చీకట్లో వదలడం మేలు. రోజూ ఒకే రేవులో ఒకే వేళకు వదిలే చేపల శాఖ సమయపాలనను మొదట గుర్తించేవి సముద్రపు కాకులు, ఆ వెనకే పిల్లల్ని మింగే స్ట్రైప్డ్ బాస్ చేపలు.

పడవలో నదినీరు తోడుకుంటూ తీసుకెళ్లే పద్ధతీ అక్కడ పరీక్షించారు. దారిపొడవునా వాసన తగులుతుందని ఆశ. ఇంత గారాబం అనవసరం. వచ్చే కరువులో ట్యాంకర్ ఎక్కే ప్రతి పిల్లా తిరిగొస్తానని హామీపత్రం ఇవ్వాలి. వేలిముద్ర బదులు, ఎలాగూ కత్తిరించిన కొవ్వు రెక్క అంటిస్తే చాలు.