‘సిస్టమ్‌లో అలా ఉంది’ అంటే సరిపోదు

ఈ నెల బియ్యం రావని రేషన్ డీలర్ చెప్తాడు. కారణం అడిగితే మీసేవకు పొమ్మంటాడు. అక్కడివాళ్లు తహసీల్దార్ ఆఫీసుకు పంపిస్తారు. ఆఫీసులో స్క్రీన్ ఇటు తిప్పి, ‘సిస్టమ్‌లో మీ రేషన్ కార్డు రద్దయినట్టు ఉంది, మా చేతుల్లో ఏమీ లేదు’ అంటారు. కృత్రిమ మేధ వల్ల మనిషి నిర్ణయాధికారం ఏమవుతుందని సదస్సుల్లో చర్చిస్తున్నారు. మా దృష్టిలో ఆ చర్చ మొదలవ్వాల్సింది ఈ కౌంటర్ దగ్గర.

తెలంగాణ ‘సమగ్ర వేదిక’ను 2018-19 కేంద్ర ఆర్థిక సర్వే మెచ్చుకుంది. పేరు, చిరునామా ఆధారంగా సుమారు 25 ప్రభుత్వ డేటాబేస్‌లను కలిపే ఏర్పాటు అది. మన పేర్ల సంగతి తెలియనిదెవరికి? ఒకే వాడలో నలుగురు వెంకటేశ్‌లు ఉంటారు. లక్ష్మి అన్న పేరుకు ఆధార్‌లో ఒక ఇంగ్లిష్ స్పెల్లింగ్, కరెంటు బిల్లులో ఇంకొకటి. ఇంటిపేరు ఒకచోట ముందు, ఒకచోట వెనక, మరోచోట ఉత్త పొడి అక్షరం. వీటిని పోల్చి ఇద్దరూ ఒకరేనని యంత్రం తేల్చేస్తే, రిక్షా తొక్కిన మనిషి పేరున కారు ప్రత్యక్షమై, రేషన్ కార్డు రద్దవుతుంది. అలా జరిగిందని పత్రికల్లో వచ్చింది కూడా.

తెలంగాణలో రద్దయిన సుమారు 19 లక్షల రేషన్ కార్డులను క్షేత్రస్థాయిలో మళ్లీ పరిశీలించాలని 2022 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు చెప్పాల్సి వచ్చింది. ఆ పరిశీలనలో వేల కుటుంబాలు అర్హులేనని తేలింది. ముందుగా ఒక్క నోటీసు ఇచ్చి ఉంటే వారిలో ఎంతమందికి ఆ గోస తప్పేదో!

పాత పద్ధతిలో లంచాలు, సిఫారసులు లేవని మేము అనడం లేదు. బోగస్ కార్డులు ఏరివేయాల్సిందే. కానీ ఆ రోజుల్లో ఎదురుగా ఒక అధికారి ఉండేవాడు. అతనితో వాదించవచ్చు, బతిమాలవచ్చు, పైవారికి ఫిర్యాదు చేయవచ్చు. ఇప్పుడు ఆ అధికారికే కారణం తెలియదు. స్క్రీన్ మీద ఉన్నది తప్పని కళ్లకు కనిపిస్తున్నా, దాన్ని కాదనే ధైర్యం అతనికి లేదు. ఇటు పేదవాడి హక్కూ, అటు ఉద్యోగి విచక్షణా రెండూ పోయాయి. మాకు ఎక్కువ ఆందోళన కలిగిస్తున్నది ఇదే.

యూరప్‌లో 2018 నుంచి అమల్లో ఉన్న డేటా రక్షణ నిబంధనలు, జీవితంపై గట్టి ప్రభావం చూపే నిర్ణయాన్ని కేవలం యంత్రానికి వదిలేయకుండా ఉండే హక్కును పౌరుడికి ఇచ్చాయి. మన 2023 డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టంలో అలాంటి హక్కు లేదు. దాన్ని చేర్చాలి. చట్టం మారేదాకా ఆగనక్కర్లేని పనులూ ఉన్నాయి. కార్డు తీసేసే ముందు కారణం రాసి తెలుగులో, అవసరమైనచోట ఉర్దూలో నోటీసు ఇంటికి పంపాలి. ఇంటికి వెళ్లి చూసిన అధికారి తన పేరుతో సంతకం చేయాలి. అప్పటిదాకా బియ్యం ఆపకూడదు. కారు తనది కాదని నిరూపించే భారం కూలి మనిషి మీద వేయకూడదు.

హక్కున్నవారికి ధాన్యం అందకపోతే భత్యం చెల్లించాలని 2013 జాతీయ ఆహార భద్రత చట్టమే చెప్తోంది. తప్పుగా కార్డు పోగొట్టుకున్న ప్రతి కుటుంబానికీ, బియ్యం ఆగిన నెలలన్నీ లెక్కగట్టి ప్రభుత్వం ఆ భత్యం ఇవ్వాలి.