ఐసిస్‌కి ఎగరడం తప్ప ఇంకేం రాదా?

ఈ సూపర్‌హీరో కామిక్స్ వాళ్ళకి ఈజిప్టు దేవత దొరికితే చాలు, పొట్టి తెల్ల గౌను, బంగారు కిరీటం తగిలించి గాల్లోకి ఎగరేస్తారు. ఐసిస్‌నే చూడండి. 1975లో అమెరికా టీవీలో ఒక సైన్స్ టీచరమ్మ తాయెత్తు మహిమతో ఐసిస్ అయిపోయేది, మరుసటి ఏడాదే డీసీ వాళ్ళు ఆవిడ పేరుతో కామిక్ వేశారు. సరే, టీచరమ్మ ఐడియా నాకూ నచ్చింది. కానీ అసలు ఈజిప్టు పురాణకథలో ఐసిస్ ఏం చేసిందో తెలుసా? ముసలి సూర్యదేవుడు రా నోట కారిన ఉమ్మిని మట్టిలో కలిపి పామును చేసి, దాంతో ఆయన్నే కాటేయించి, విషం దిగాలంటే నీ రహస్యనామం చెప్పు అని బేరం పెట్టింది! ముక్కలైన మొగుణ్ణి వెతికి పోగుచేసుకున్న మొండి మనిషి కూడా ఆవిడే. అంత బుర్ర ఉన్నావిడతో చిల్లర దొంగల్ని పట్టించడమేంటండీ?

సింహం తల ఉన్న ఇంకో ఈజిప్టు దేవత సెఖ్‌మెత్ గతి ఇంకా ఘోరం. చాలా బొమ్మల్లో సింహం తల పీకేసి, కాటుక పెట్టిన హీరోయిన్ మొహం అతికిస్తారు, సింహం కాస్తా టోపీ అయిపోతుంది. జనాన్ని చంపుకుంటూ పోతున్న ఆవిడకి రక్తమనిపించేలా ఎర్రరంగు కలిపిన బీరు తాగించి ఆపిన కథ ఉంది కదా, అదైనా ఒక్క సంచికకి వాడుకోండయ్యా!