జోకిచ్ బెంచీ మీద కూర్చున్న 9 నిమిషాలు

2024 ఆగస్టు 8 రాత్రి మన దేశంలో మేలుకున్నవాళ్లలో చాలామంది నీరజ్ చోప్రా జావెలిన్ కోసమే మేలుకున్నారు. అర్ధరాత్రి అతను 89.45 మీటర్లు విసిరి రజతం తెచ్చాడు. ఇంచుమించు అదే వేళకు అదే పారిస్‌లో, బెర్సీ అరీనాలో, ఒలింపిక్ బాస్కెట్‌బాల్ సెమీఫైనల్ జరుగుతోంది. సెర్బియా మీద ఒక దశలో 17 పాయింట్లు వెనకబడి అమెరికా జట్టుకు చెమటలు పట్టాయి. నేనూ జావెలిన్ చూసి పడుకున్నవాణ్నే. పొద్దున లేచి ఫోన్‌లో స్కోరు పట్టిక తెరిచాను.

అమెరికా 95, సెర్బియా 91. స్టెఫెన్ కర్రీ 36 పాయింట్లు. జోయెల్ ఎంబీడ్ 19. లెబ్రాన్ జేమ్స్ 16 పాయింట్లు, 12 రీబౌండ్లు (బుట్టలో పడక వెనక్కొచ్చిన బంతిని అందుకోవడం), 10 అసిస్టులు (సహచరుడు బుట్టలో వేసేలా బంతి అందించడం). అవతల బోగ్డాన్ బోగ్డనోవిచ్ 20, నికోలా జోకిచ్ 17. టీ తాగేలోపు తీర్పు చెప్పేశాను: కర్రీ ఒంటిచేత్తో గెలిపించాడు, జోకిచ్ తేలిపోయాడు. ఆదివారం తీరిగ్గా రీప్లే చూశాక రెండూ తప్పేనని ఒప్పుకోవాల్సి వచ్చింది.

తప్పు ఎక్కడుందంటే, మనవి క్రికెట్ స్కోర్‌కార్డు చదివి పెరిగిన కళ్లు. అక్కడ ప్రతి బంతికీ ఒక బౌలరు, ఒక బ్యాటరు. పరుగు ఎవరిదో, వికెట్ ఎవరిదో పెద్దగా పేచీ ఉండదు. బాస్కెట్‌బాల్ అలా కాదు, దానికి దగ్గరి చుట్టం కబడ్డీ. కూతకొచ్చినవాడి మడమ పట్టినవాడి పేరు రాసుకుంటారు. వాడు గీత అందుకోకుండా మీద పడి ఆపిన మిగతా ముగ్గురినీ చూసినవాళ్లు తప్ప ఎవరూ గుర్తుపెట్టుకోరు.

ముందు కర్రీ సంగతి. 19 షాట్లు వేస్తే 12 పడ్డాయి. అందులో త్రీ పాయింటర్లు, అంటే దూరపు వంపు గీత బయటి నుంచి వేసే మూడు పాయింట్ల షాట్లు, 14 వేస్తే 9. ఫౌల్‌కు పరిహారంగా ఎవరూ అడ్డు లేకుండా వేసే ఒక్క పాయింటు ఫ్రీ త్రోలు మూడుకు మూడు. 40 నిమిషాల ఆటలో ఇది అసాధారణం. ఒలింపిక్స్‌లో అమెరికా తరఫున ఒక మ్యాచ్‌లో అత్యధికం 2012లో నైజీరియా మీద కార్మెలో ఆంథనీ చేసిన 37. దానికి కర్రీ ఒక్క పాయింటు దూరంలో ఆగాడు. ఇంతవరకూ పట్టిక నిజమే చెబుతోంది. కానీ ఆ 36ను క్వార్టర్ల వారీగా విడగొడితే ఇంకో సంగతి బయటపడుతుంది. మొదటి క్వార్టర్‌లోనే అతను 17 కొట్టాడు. ఆ క్వార్టర్ ముగిసేసరికి స్కోరు సెర్బియా 31, అమెరికా 23. అంటే డ్యురాంట్, లెబ్రాన్, ఎంబీడ్ లాంటి హేమాహేమీలున్న జట్టులో కర్రీ కాక మిగతా అందరూ కలిసి చేసింది 6. మనిషి అంత ఊపులో ఉన్నా జట్టు 8 పాయింట్లు వెనకే ఉంది. ఒంటిచేత్తో గెలవడం ఈ ఆటలో అంత తేలిక కాదని చెప్పడానికి ఇంతకంటే రుజువు అక్కర్లేదు.

మరి మ్యాచ్ ఎక్కడ తిరిగింది? మూడు క్వార్టర్లు అయ్యేసరికి సెర్బియా 76-63తో ముందుంది. సగటున క్వార్టర్‌కు పాతిక పాయింట్లు. చివరి పది నిమిషాల్లో వాళ్లు చేసింది 15, అమెరికా 32. ఈ 32 గురించి పట్టికలో అందరి పేర్లూ ఉన్నాయి. ఆ 15 గురించి ఏమీ లేదు. పాతిక చేసే జట్టును పదిహేను దగ్గర కట్టేసింది ఎవరు? స్టీళ్లకు (బంతి లాక్కోవడం), బ్లాకులకు (షాట్‌ను గాల్లోనే ఆపడం) గడులున్నాయి. షాట్ వేసేవాడి ముఖం మీద చెయ్యి పెట్టి గురి తప్పించినవాడికి గడి లేదు. బంతి అందాల్సిన చోటికి అందకుండా దారిలో నిలబడ్డవాడికీ లేదు. నా లెక్కలో ఆ రాత్రి అమెరికా గెలిచింది అక్కడే.

ఇక జోకిచ్. 17 పాయింట్లు, 5 రీబౌండ్లు, 11 అసిస్టులు. పాయింట్లే చూసే అలవాటున్నవాళ్లకు ఇది మామూలుగా కనిపిస్తుంది. చిన్న కూడిక చేద్దాం. 11 అసిస్టులంటే ఒక్కోటి రెండేసి అనుకున్నా 22 పాయింట్లు. అన్నీ త్రీలే అయితే 33. అతని సొంత 17 కలిపితే సెర్బియా చేసిన 91లో 39 నుంచి 50 దాకా అతని చేతుల మీదుగా వచ్చినవే. తేలిపోయినవాడి లెక్క ఇలా ఉండదు.

ఇవి కాక అసలు లెక్కకే రానివి ఇంకా ఉన్నాయి. రీప్లేలో జోకిచ్‌ను మాత్రమే చూస్తూ ఒక పది నిమిషాలు గడపండి. ఫ్రీ త్రో గీత మూలన, బుట్టకు వీపు పెట్టి, బంతిని నెత్తి మీద ఎత్తిపట్టుకుని నిలబడతాడు. చూడ్డానికి బస్సు కోసం ఎదురుచూస్తున్నట్టుంటాడు. అతని చుట్టూ సహచరుడొకడు తిరిగి పరిగెడతాడు. వాణ్ని వెంటాడే డిఫెండర్ జోకిచ్ భుజానికి కొట్టుకుని అర క్షణం ఆగుతాడు. ఆ అర క్షణమే షాట్. బంతి జోకిచ్ ఇస్తే అసిస్టు. ఇంకొకడు ఇస్తే ఆ ఇంకొకడికి అసిస్టు, దెబ్బ తిన్న భుజానికి సున్నా.

ఇలాంటివి పట్టుకోవడానికే ప్లస్-మైనస్ అనే గడి వచ్చింది. ఆటగాడు కోర్టులో ఉన్నంతసేపు జట్టు ఎన్ని చేసింది, ఎన్ని ఇచ్చింది, తేడా ఎంత, అంతే. దీనికి అద్భుతమైన ఉదాహరణ ఇవే రెండు జట్ల మధ్య జులై 28న ఫ్రాన్స్‌లోని లీల్‌లో జరిగిన గ్రూప్ మ్యాచ్. అమెరికా 110-84తో గెలిచింది, 26 తేడా. జోకిచ్ ఆడిన దాదాపు 31 నిమిషాల్లో సెర్బియా వెనకబడింది 2 పాయింట్లే. అతను బెంచీ మీద కూర్చున్న 9 నిమిషాల్లో 24.

ఈ అంకె బయటికి రాగానే జోకిచ్ అభిమానులు పండగ చేసుకున్నారు. నేనైతే కాస్త ఆగమంటాను. 9 నిమిషాలంటే ఎంత? మన బస్సు సిగ్నల్ దగ్గర ఆగినంత. అంత తక్కువ సేపట్లో రెండు మూడు త్రీలు అటో ఇటో పడితే లెక్క తారుమారవుతుంది. పైగా ఆ రోజు అవతల బెంచీ మీంచి లేచి వచ్చింది కెవిన్ డ్యురాంట్. వేసిన మొదటి 8 షాట్లలో ఒక్కటీ తప్పలేదు, మొత్తం 23 పాయింట్లు. జోకిచ్ లేకపోవడం ఎంత, డ్యురాంట్ ఉండటం ఎంత అన్నది ప్లస్-మైనస్ విడదీసి చెప్పదు. ఒకడి గైర్హాజరు, ఇంకొకడి విజృంభణ ఒకే గడిలో పోసి కలిపేస్తుంది.

అంతర్జాతీయ టోర్నీల్లో వాడే ఎఫిషియెన్సీ లెక్కా అంతే. పాయింట్లు, రీబౌండ్లు, అసిస్టులు, స్టీళ్లు, బ్లాకులు అన్నీ కూడి, తప్పిన షాట్లు, పోగొట్టుకున్న బంతులు తీసేస్తారు. చేతికి వచ్చిపడిన రీబౌండూ ఒకటే, ముగ్గురి మధ్యలోంచి లాక్కున్న రీబౌండూ ఒకటే. వేగంగా పోల్చుకోవడానికి పనికొస్తుంది, అంతకుమించి దాని మీద నాకు నమ్మకం లేదు.

సగటుల కథ మరీ విచిత్రం. ఒలింపిక్స్‌లో పతకం దాకా వెళ్లిన జట్టు ఆడేది 6 మ్యాచ్‌లే. సెమీఫైనల్‌కు ముందు కర్రీ నాలుగు మ్యాచ్‌ల్లో చేసింది మొత్తం 29 పాయింట్లు. త్రీలు 20 వేస్తే 5 పడ్డాయి. వయసైపోయిందన్నవాళ్లూ ఉన్నారు. ఆ తర్వాత రెండు మ్యాచ్‌ల్లో 60 పాయింట్లు, 26 త్రీలకు 17. టోర్నీ సగటు తీస్తే మ్యాచ్‌కు 15కు కాస్త తక్కువ వస్తుంది. ఆ పదిహేను అతను ఏ రోజూ ఆడని ఆట. ఇక్కడి క్రికెట్ సగటులాగా వందల ఇన్నింగ్స్ మీద తేలిన అంకె కాదది.

ఫైనల్లో అమెరికా 98-87తో ఫ్రాన్స్‌ను ఓడించింది. సెర్బియా జర్మనీ మీద 93-83తో గెలిచి కాంస్యం తీసుకుంది. ఆ మ్యాచ్‌లో జోకిచ్ 19 పాయింట్లు, 12 రీబౌండ్లు, 11 అసిస్టులు. టోర్నీ మొత్తం మీద అతని సగటులు 18.8, 10.7, 8.7. అత్యుత్తమ ఆటగాడి అవార్డు అందుకున్న లెబ్రాన్‌వి 14.2, 6.8, 8.5. మూడు గడుల్లోనూ జోకిచ్‌దే పైచేయి. అంకెలను ఇంతసేపు అనుమానించి, చివరికి వాటినే చూపించి వాదించడం నాకు కుదరదు. లెబ్రాన్ పక్కన కర్రీ, డ్యురాంట్ ఉన్నారు కాబట్టి అతనికి కొన్ని అంకెలు అక్కర్లేకపోయాయి, జోకిచ్ పక్కన వాళ్లు లేరు కాబట్టి అతనికి తప్పలేదు. అయినా ఓటు నా చేతిలో ఉంటే జోకిచ్‌కే వేసేవాణ్ని, ఆ భుజం కోసం.