మహారాజశ్రీ ఒంగోలు ఎండగారికి

మహారాజశ్రీ ఒంగోలు ఎండగారి దివ్యసముఖానికి, లాయర్‌పేట నుంచి ఒక రిటైర్డు లెక్కల మాస్టారు నమస్కరించి రాసుకునేది ఏమంటే:

మీరు క్షేమంగా ఉన్నారని పొద్దున ఏడింటికే తెలిసింది. పాల ప్యాకెట్ కోసం వీధి చివరిదాకా వెళ్ళొచ్చేసరికి బనీను వీపుకి అంటుకుపోయింది. మీరు క్షేమంగా ఉన్నన్నాళ్ళు మా క్షేమం సంగతి అడక్కండి.

మీ మీద నాకున్న పాత ఫిర్యాదులు అలాగే ఉన్నాయి. రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయని పెద్దవాళ్ళు ఏదో మాటవరసకి అంటే, మీరు దాన్ని ఆర్డరుగా తీసుకుని మా డాబా కూడా పగలగొట్టారు. మధ్యాహ్నం రెండింటికి ట్యాంకులోంచి వచ్చే నీళ్ళతో టీ పెట్టుకోవచ్చు. సరే, అవన్నీ మళ్ళీ మాట్లాడుకుందాం. ఇవాళ మీకు జరిగిన ఒక అవమానం గురించి రాస్తున్నాను. మా ఇంట్లోనే జరిగింది కాబట్టి చెప్పకపోతే తప్పు. మావాడు ఎండ ఉన్న ఊరు కోసం ఆరు నెలలు వెతికాడు. తొమ్మిది ఊళ్ళ పేర్లు రాసుకున్నాడు. అందులో మీ ఊరి పేరు లేదు.

మావాడు ఉండేది అమెరికాలో, మినియాపొలిస్ అనే ఊళ్ళో. అక్కడ 2019 జనవరి ఆఖర్లో ఒకరోజు మైనస్ 33 డిగ్రీలు పడింది. డిసెంబరులో ఒంగోలు 20 డిగ్రీలకి దిగగానే మంకీ క్యాపు వెతుక్కునే మనిషిని నేను. నాకు ఆ అంకె ఎటూ అర్థం కాలేదు. చెరువులు గడ్డకడితే వాటి మీద నడిచి, కన్నం పెట్టి, స్టూలు వేసుకుని చేపలు పడతారట. ఊరి మధ్యలో బిల్డింగుకీ బిల్డింగుకీ రెండో అంతస్తులో అద్దాల వంతెనలు కట్టారట, బయట కాలు పెట్టే పని లేకుండా. మా కోడలిది కావలి. పెళ్ళయి వెళ్ళిన మొదటి చలికాలం వీడియో కాల్లో ఆ పిల్ల ముఖం చూసి మా వియ్యపురాలు రెండు రోజులు అన్నం తినలేదు.

ఎండగారూ, అసలు సంగతి ఇక్కడుంది, జాగ్రత్తగా వినండి. మొన్నటి చలికాలం మావాడు ఒక దీపం కొన్నాడు. పలక అంత ఉంటుంది, తెల్లగా, కళ్ళు చెదిరేలా వెలుగుతుంది. పదివేల లక్సుల వెలుతురట. రోజూ పొద్దున్నే కాఫీ పట్టుకుని అరగంట దాని ముందు కూర్చోవాలి. చలిదేశాల్లో వెలుతురు చాలక మనసు డీలా పడిపోతుందట, దానికి వైద్యం. మా ఆవిడ ఫోన్లో చూసి, "ఏంట్రా, ఫొటో స్టూడియోలో ఉన్నావా?" అంది. కాదమ్మా, ఎండ కాచుకుంటున్నా అన్నాడు. ఆవిడ ఫోను నా చేతికిచ్చి వంటింట్లోకి వెళ్ళిపోయింది. ఇక్కడ మిమ్మల్ని తప్పించుకోవడానికి నెలకి నాలుగు వేలు కరెంటు బిల్లు కడుతున్నాం. అక్కడ నా కొడుకు మీ నకలు కోసం కరెంటు బిల్లు కడుతున్నాడు.

ఆ దీపం ముందు కూర్చునే నిర్ణయం తీసుకున్నాడు, వెచ్చటి ఊరికి మారిపోదామని. వెంటనే ఎక్సెల్ షీటు తెరిచాడు. నిలువు గళ్ళల్లో ఊళ్ళు, అడ్డం గళ్ళల్లో వేడి, ఇంటి ధర, స్కూళ్ళు, పన్నులు, తుఫాన్లు, గుడి, ఇండియా సరుకుల కొట్టు, ఎయిర్‌పోర్టు. ఒక్కోదానికి పదికి ఇన్ని మార్కులు, మళ్ళీ ఒక్కో అంశానికి ఇంత వెయిటేజీ. చూడమని నాకూ పంపాడు. ముప్పై ఐదేళ్ళు పేపర్లు దిద్దినవాణ్ణి, నాకు దొరక్కుండా పోతుందా? వారం వారం వెయిటేజీలు మారుతున్నాయి. ఇంటి ధరకి పది ఉన్నది పద్నాలుగైంది, తుఫానుకి ఐదున్నది పన్నెండైంది, వేడి మెల్లగా మూడుకి పడిపోయింది. జవాబు ముందు రాసుకుని లెక్క తర్వాత చేసే పిల్లలు ప్రతి క్లాసులో ఒకరుంటారు. నా క్లాసులో వీడే ఆ పిల్లాడని నాకు నలభయ్యో ఏట తెలిసింది. వాడికి నలభయ్యో ఏట.

ఊళ్ళ వడపోత మాత్రం సరదాగా జరిగింది. శాన్ డియాగోకి వాతావరణంలో నూటికి నూరు, ఇంటి ధర గడిలో సున్నా. టాంపా అంటే కోడలికి ఇష్టం, సముద్రం ఉంది, సొంత ఆదాయానికి రాష్ట్రం పన్ను లేదు. కానీ 2024లో హెలీన్, మిల్టన్ అని రెండు తుఫాన్లు రెండు వారాల తేడాలో ఆ తీరం మీద పడ్డాయి. ఇంటి ఇన్సూరెన్సు అడిగితే చెప్పిన అంకె విని మావాడు టాంపాని షీట్లోంచే తీసేశాడు. తుఫాను భయంతో ఊరు వదలడమేంటని మా వియ్యంకుడికి అర్థం కాలేదు. 2023 డిసెంబరులో మిచౌంగ్ బాపట్ల దగ్గర తీరం దాటిన రోజు ఆయన కావలిలో గొడుగు పట్టుకుని చేపలు కొనడానికి వెళ్ళిన మనిషి. హ్యూస్టన్ అయితే మనవాళ్ళు బోలెడంత మంది, గుళ్ళు, దోసెలు, అన్నీ ఉన్నాయి. ఉక్క కూడా ఉంది. "అచ్చం మే నెలలో మన అద్దంకి బస్టాండే నాన్నా" అన్నాడు మావాడు. పైగా 2021 ఫిబ్రవరిలో అక్కడ మంచు పడి, కరెంటు పోయి, జనం కార్లలో హీటర్ వేసుకుని కూర్చున్నారట. చలి నుంచి పారిపోయి అక్కడికెళ్ళి మళ్ళీ చలికి దొరకడం దేనికని అదీ కొట్టేశాడు.

మిగిలింది ఫీనిక్స్. అరిజోనా రాష్ట్రం, ఎడారి.

అక్కడెంత ఉంటుందిరా అని మా ఆవిడ అడిగింది. ఎండాకాలం నూట పది దాకా పోతుందమ్మా అన్నాడు. ఆవిడ "నూట పదా!" అని గుండె మీద చెయ్యి వేసుకుంది. మన ఇళ్ళల్లో ఫారన్‌హీట్ అంటే జ్వరం చూసుకోవడానికే. నూట నాలుగు దాటితే తడిగుడ్డ వేసి ఆటో పిలుస్తాం. అది సెంటీగ్రేడులో 43 అని నేను లెక్క కట్టి చెప్పాక తేరుకుని, "ఓస్, మన ఎండే కదా" అంది. అక్కడ వాడన్న మాట మీకు చేరాలనే ఈ ఉత్తరం. "అది వేరమ్మా. ఒంగోలుది ఉక్క. అక్కడిది డ్రై హీట్."

పొడి ఎండ. శాస్త్రం ప్రకారం వాడు చెప్పిందాంట్లో తప్పు లేదు. గాలిలో తేమ తక్కువైతే చెమట పట్టినట్టే ఆరిపోతుంది, ఒళ్ళు చల్లబడుతుంది. మన దగ్గర సముద్రం పక్కనే కాబట్టి చెమట ఆరదు, కారుతుంది. మా కూలరే సాక్ష్యం. మే నెల ఉక్కలో దాన్ని వేస్తే గదిలో ఇడ్లీలు ఉడికించుకోవచ్చు. కానీ మనకీ పొడి ఎండ ఉందిగా! ఇక్కణ్ణుంచి పడమటికి బస్సెక్కితే కనిగిరి. మా నాన్న పుట్టిన ఊరు. అక్కడ కుండలో నీళ్ళు మంచుముక్కల్లా ఉండేవి, పెదాలు పగిలేవి, చెమట అన్నది కనపడేది కాదు. 1970లో కొత్త జిల్లా వచ్చి ఒంగోలు జిల్లా కేంద్రమయ్యాక, ఆ పొడి ఎండ పడలేక, సాయంత్రమైతే సముద్రపు గాలన్నా తగులుతుందని మా నాన్న కుటుంబాన్ని ఇక్కడికి మార్చాడు. ఆయన దగ్గర ఎక్సెల్ షీటు లేదు, ఒక ట్రంకు పెట్టె, ఒక గేదె ఉన్నాయి. ఆయన మనవడు సముద్రాలు దాటి, రెండు డిగ్రీలు చదివి, ఆరు నెలలు గళ్ళు నింపి, మళ్ళీ కనిగిరికే చేరుకున్నాడు. ఏసీ ఉన్న కనిగిరికి.

"మరి నీళ్ళెక్కణ్ణుంచి వస్తాయి?" అని మా ఆవిడ అడిగింది. ఏడాదికి 200 మిల్లీమీటర్ల వాన కూడా పడని ఊరది. కొలరాడో నది నుంచి 540 కిలోమీటర్ల కాలువ తవ్వి తెస్తున్నారట. ఆ నది నీళ్ళ కోసం ఏడు రాష్ట్రాలు 1922లో రాసుకున్న ఒప్పందం పట్టుకుని ఇప్పటికీ తగాదా పడుతున్నాయి. సాగర్ కుడికాలువ చివరి నీళ్ళు తాగుతూ పిల్లల్ని పెంచిన ఇల్లాలికి ఇందులో కొత్తేం కనపడలేదు. "డ్రమ్ములు రెండు కొని పెట్టుకోండి" అని చెప్పి ఫోన్ పెట్టేసింది.

వెచ్చటి ఊరు వెతుక్కోవడంలో మన జిల్లాలో నిజంగా తెలివైనవాడు ఎవరని అడిగితే నేను ఒంగోలు గిత్తకే ఓటేస్తాను. 1868లో ఇంగ్లండు పోవాల్సిన ఓడ ఒకటి దారిలో బ్రెజిల్‌లోని సాల్వడార్ రేవులో ఆగితే, అందులో ఉన్న మన పశువుల జంటను అక్కడే అమ్మేశారట. లండన్ మంచు తప్పింది, మీలాంటి ఎండ దొరికింది. ఇవాళ అక్కడి పచ్చిక మైదానాల నిండా ఆ రక్తమే. అప్పట్లో ఒంగోలు నెల్లూరు జిల్లాలో ఉండేది, 1904లో గానీ గుంటూరు వైపు మారలేదు. అందుకే వాళ్ళు ఆ జాతిని నెలోరి అంటారు. ఈ ఒక్క ముక్క పట్టుకుని మా వియ్యంకుడు ప్రతి పెళ్ళిలో నన్ను సతాయిస్తాడు. అక్కడ వాటిని ఇంత శ్రద్ధగా ఎందుకు పెంచుతారో మాత్రం నేను మా ఆవిడకి చెప్పలేదు, మీరూ చెప్పకండి.

సరే, మారారు. ఇల్లు బాగుంది, వెనక చిన్న ఈతకొలను కూడా ఉంది. మొదటి వేసవిలోనే మనవరాలు ఫోన్లో చెప్పింది, "తాతా, నాన్న గ్లౌజులు వేసుకుని కారు నడుపుతాడు" అని. స్టీరింగు అంత కాలుతుందట. మినియాపొలిస్‌లో చలికి గ్లౌజులు, ఫీనిక్స్‌లో మీకు గ్లౌజులు. ఊరు మారింది గానీ చేతికి తొడుగు పోలేదు. అక్కడ ఐదు నెలలు పిల్లల్ని ఇంట్లో కట్టేసేది చలి, ఇక్కడ ఎండ. ఈతకొలను నీళ్ళు మా ట్యాంకు నీళ్ళలాగే ఉంటాయట. మొన్న రక్తపరీక్షలో కోడలికి విటమిన్ డి తక్కువుందని మాత్రలు రాశారు.

ఎండగారూ, నవ్వులాట కాసేపు పక్కన పెడదాం. 2023 జూన్ ఆఖరు నుంచి జులై ఆఖరు దాకా ఫీనిక్స్‌లో వరసగా 31 రోజులు పగటి వేడి 43 డిగ్రీలకి తగ్గలేదు. రాత్రిళ్ళు కూడా 32కి దిగని రోజులు వరసగా 16. కాంక్రీటు పగలు మింగిన వేడిని రాత్రి కక్కుతుంది, మా డాబా లాగే. ఆ ఏడాది ఆ ఒక్క కౌంటీలో, అంటే మన జిల్లా లాంటిదాంట్లో, వేడికి పోయినవాళ్ళు 645 మందని అక్కడ లెక్క తేల్చారు. 2015 మే నెలలో మన రాష్ట్రంలో మీరు వెయ్యి మందికి పైగా తీసుకుపోయారు. ఏసీ గదిలో ఉన్నవాడి జోలికి మీరు రెండు చోట్లా పెద్దగా రాలేదు. ఈ విషయంలో మాత్రం మీ ఇద్దరిలో ఉక్క ఎవరిదో, పొడి ఎవరిదో నాకు తేడా తెలియడం లేదు.

అసలు అవమానం ఇంకా చెప్పలేదు. పోయిన నెల మా ఆవిడ, "పిల్లలకి సెలవులేగా, మేలో రండి, ముంజలు తిందురు గాని" అని అడిగింది. రెండు నిమిషాలు అవతల గుసగుసలు. తర్వాత మావాడు గొంతు సవరించుకుని, "మేలో వద్దులే అమ్మా, డిసెంబరులో వస్తాం. ఒంగోలు ఎండకి పిల్లలు తట్టుకోలేరు" అన్నాడు. ఎక్కణ్ణుంచి? ఫీనిక్స్ నుంచి! నేను నోరు తెరిచేలోపు మా ఆవిడ నా మోకాలు నొక్కింది.

ఆ వెంటనే కోడలు ఫోను అందుకుని, సగ్గుబియ్యం వడియాలు, మజ్జిగ మిరపకాయలు పంపమని అడిగింది. మీ దగ్గర అంత పొడి ఎండ పెట్టుకుని మమ్మల్ని అడుగుతారేంటమ్మా అన్నాను. ఆరుబయట ఏవీ ఆరబెట్టకూడదని వాళ్ళ కాలనీ వాళ్ళ రూలట. బట్టలు కూడా మిషన్లోనే ఆరేస్తారట. నూట పది డిగ్రీల ఎండలో, తలుపులేసుకుని, కరెంటు మీద.

అందుకని తమరికి మనవి. మా ఆవిడ తెల్లవారుజామున నాలుగున్నరకే లేచి పిండి ఉడికించింది. పాత పంచె తడిపి, డాబా మీద పరిచి, నాలుగు మూలలా ఇటుకలు పెట్టాను. ఆవిడ చెంచాతో ఒక్కో వడియం పెడుతుంటే నేను కర్ర పట్టుకుని కాకులకి కాపలా కాస్తూ, చూరు నీడలో కూర్చుని ఇది రాస్తున్నాను. మూడు వరసలు అయ్యాయి, ఇంకా ఆరున్నాయి. ఇందాకటి నుంచి తూర్పున ఒక మబ్బు వేలాడుతోంది. నేను పైన రాసినవేవీ మనసులో పెట్టుకోకుండా, నాలుగు రోజులు కాస్త గట్టిగా కాయండి.

ఇట్లు,
తమ విధేయుడు,
లాయర్‌పేట, ఒంగోలు