గోడ వారనైనా మట్టి మిగల్చండి

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో మనవాళ్లు విదేశాల నుంచి డబ్బు పంపి కట్టించిన ఇళ్లకు ఈ మధ్య ఒకే పోలిక వస్తోంది. ముందు గ్రానైటు మెట్లు, వెనక ప్రహరీ దాకా సిమెంటు. బురదలో అమ్మానాన్నలు జారిపడతారని మన భయం. నడవడానికి నాలుగడుగుల బాట చాలదా? గోడ వారగా పదడుగుల మట్టి వదిలితే ఎవరి కాలూ విరగదు.

ఆ మట్టిలో ఏం వేయాలంటే, నా ఓటు పచ్చి బఠాణీకి. చిక్కుడు, బొబ్బర్లు ఎలాగూ ఆ నేలకు అలవాటైనవే, వాటికి నా సిఫారసు అక్కర్లేదు. బఠాణీకి చలి కావాలి. ఇక్కడ అమెరికాలో మంచు కరగగానే మార్చిలో విత్తే గింజను అక్కడ మన ఊళ్లో కార్తీకంలో విత్తాలి. అక్టోబరులోనే తొందరపడితే తుపాను వానలకు గింజ కుళ్లవచ్చు. 2018 అక్టోబరులో పలాస దగ్గర తీరం దాటిన తిత్లీని మనవాళ్లకు గుర్తు చేయనక్కర్లేదు. పుష్యం దాకా ఆగితే ఎండ ముదిరి పూత రాలుతుంది. కోస్తాలో చలి మూణ్ణాళ్ల ముచ్చట కనుక ఆర్కెల్ వంటి త్వరగా కాసే రకమే మేలు. రెండు నెలలకు కాయలు చేతికొస్తాయి. చలి దేశాల దిగుబడి మాత్రం ఆశించవద్దు.

విత్తనం అక్కడే కొనండి. ఇక్కడి పొట్లాలను అనుమతిపత్రాలు లేకుండా సూట్‌కేసులో తీసుకెళ్లడం నిబంధనలకు విరుద్ధం.

నానబెట్టిన గింజను అంగుళం లోతున వేసి, మాగిన పశువుల గత్తం చల్లి, తీగ పాకడానికి కందికంప గుచ్చితే చాలు. యూరియా మాట ఎత్తవద్దు. వేళ్ల బుడిపెల్లోని బాక్టీరియా గాలిలోని నత్రజనిని మొక్కకు అందిస్తుంది. బుడిపెను గిల్లినప్పుడు లోపల గులాబి రంగు కనిపిస్తే ఆ పని సాగుతున్నట్టే. యూరియా వేస్తే ఆకు ఏపుగా పెరుగుతుంది, కాయ తగ్గుతుంది. బూడిద తెగులు కనిపిస్తే పులిసిన మజ్జిగను పలచన చేసి చల్లడం మన పెద్దలకు తెలిసిన పనే.

ఇంత శ్రమ ఎందుకంటే రుచి కోసం. కోసిన క్షణం నుంచే బఠాణీలోని చక్కెర పిండిగా మారడం మొదలవుతుంది. లారీలో వచ్చి బజారులో రోజంతా ఎండిన కాయ చప్పబడడానికి కారణం అదే. నిజం చెప్పాలంటే, కోసిన కొద్ది గంటల్లో గడ్డకట్టించిన ఫ్రీజరు బఠాణీ దానికన్నా నయం. పెరటి కాయ ఆ రెండింటినీ తలదన్నుతుంది, పొద్దున్నే కోసి వెంటనే పొయ్యెక్కిస్తే. గింజ నిండి, తొక్క ఇంకా నిగనిగలాడుతున్నప్పుడు కోయాలి. వేళ్లు పైపైనే ఉంటాయి కనుక ఒక చేత్తో తీగ పట్టుకుని మరో చేత్తో కాయ తుంచాలి. రోజు విడిచి రోజు కోయకపోతే కాయ ముదిరి, కొత్త పూత తగ్గుతుంది. ఈ పనికి బరువులు మోయనక్కర్లేదు. డెబ్బై ఏళ్ల వాళ్లూ చేసుకోవచ్చు.

ఫిబ్రవరి ఎండలకు తీగ వాడిపోతుంది. పీకకుండా నేలమట్టానికి కోసి, వేళ్లను మట్టిలోనే వదిలేసి, అక్కడ గోంగూర చల్లుకోవచ్చు.

అమ్మానాన్నలు ఇవేవీ అడగరు, ఇల్లు కట్టించే డబ్బు మనది కాబట్టి. మేస్త్రీతో ఫోనులో మాట్లాడేటప్పుడు గోడ వార సంగతి మనమే చెప్పాలి, సిమెంటు లారీ రాకముందే.